మచ్చు తీసే మనిషి

ఆయన పోయారన్న సంగతి కీమో వార్డు సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. "మేడమ్, మిర్చి కాక పోయిండట. పొద్దుగాల ఆరింటికి," అంది. మైక్రోస్కోప్ కింద ఎవరిదో స్లైడు ఉంది. దాన్ని చూడడం పూర్తి చేసి, రిపోర్టు రాసి సంతకం పెట్టి, అప్పుడు లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను.

నేను పాథాలజిస్టును. అంటే ఏం డాక్టరువే అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పెట్టి చూసి ఇది ఫలానా జబ్బు అని చెప్పే డాక్టరును. నిజం చెప్పాలంటే మనుషులతో పడకే ఈ పనిలోకి వచ్చాను. చదువుకునే రోజుల్లో ఓపీలో కూర్చుంటే ఒక్కొక్కరు తలనొప్పితో మొదలుపెట్టి తోడికోడలి దాకా వెళ్లేవాళ్లు. నాకు అంత ఓపిక లేదు. ముక్క మాట్లాడదు, ఏడవదు, మధ్యలో ఫోన్ ఎత్తదు. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో తన ముక్కను ఎవరు చూశారో కనుక్కుని మరీ నా గదికి వచ్చిన రోగి ఆయన ఒక్కరే.

హనుమకొండలో మా దవాఖాన వెనకవైపు, మెట్ల కింద నా ల్యాబ్. ఆయన వస్తున్నట్టు మా టెక్నీషియన్ స్వరూపకు ముందే తెలిసేది. ఆయన వరండా మలుపు తిరగగానే ఆ పిల్లకు తుమ్ము వచ్చేది. నలభై ఏళ్లు వరంగల్ మిర్చి మార్కెట్లో తిరిగిన మనిషి. ఎంత ఉతికినా ఆ తెల్ల చొక్కాలోంచి ఘాటు పోదు. తుమ్ము వినగానే ఆయన గడప అవతలే ఆగిపోయేవారు. ఒంటి తుమ్ము మంచిది కాదు కదా. రెండోది వినబడేదాకా లోపలికి అడుగు పెట్టేవారు కాదు. తన వల్ల వచ్చే తుమ్ముకు తానే శకునం చూసుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. కొన్నాళ్లకు స్వరూప తెలివి మీరింది. మొదటి తుమ్ము నిజంది, రెండోది దొంగది. "రెండైనయి కాకా, ఇగ రా," అనేది. "రెండోది అసలుదేనా?" అని అనుమానంగా చూసి, చెప్పులు గడప దగ్గర విడిచి వచ్చేవారు. ల్యాబులో చెప్పులు విడవకూడదని, గాజు పెంకులుంటాయని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఆయన మార్కెట్లో ఖరీదుదారు. మరిపెడ నుంచి, నెక్కొండ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో రైతులు మిర్చి బస్తాలు తెచ్చి వరసలుగా పేరుస్తారు. ఖరీదుదార్లు ఆ వరసల మధ్య నడుస్తూ, బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి చూసి, రకం చెబుతారు. రేటు దాన్నిబట్టే. దానికి మచ్చు తీయడమని పేరు. మిగతావాళ్లు మూతి దగ్గర ఒక పిడికెడు తీసి చూసి ముందుకు వెళ్లిపోతారట. ఈయన మాత్రం పైన ఒకసారి, నడుమ ఒకసారి, మోచెయ్యి మునిగేదాకా దించి అడుగున ఒకసారి, మూడు చోట్ల తీసేవారు. అందుకని ఆయన వరస పొద్దెక్కినా పూర్తయ్యేది కాదు. ఈ ముసలాయనతో పెట్టుకుంటే మధ్యాహ్నం అన్నం సాయంత్రం తినాలని మార్కెట్లో వెక్కిరించేవాళ్లట. ఇది కూడా ఆయనే నవ్వుతూ చెప్పారు.

కాయలో తేమ ఎంతుందో ఒకప్పుడు వేళ్లతోనే చెప్పేవారు. కీమో ఎక్కించాక వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. ఆ మందుతో అలా అవుతుంది, కొందరికి అది మళ్లీ రాదు. మిర్చి ఖరీదు చేసేవాడికి వేళ్లు పోవడమంటే మా బోటివాళ్లకు కళ్లు పోవడమే. ఆయన మూలన కూర్చోలేదు. చెవి మీదికి మారారు. కాయను చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. ఫట్టుమంటే ఎండింది, మెత్తగా విరిగితే తేమ ఉంది. ఆ అలవాటు మిర్చి దాటి అన్నిటికీ పాకింది. నేనిచ్చిన బిస్కెట్టును కూడా చెవి దగ్గర విరిచి, "మెత్తబడ్డది, డబ్బ మూత సక్కగ పెడ్తలేరు," అని తీర్పు చెప్పి, తరువాత తినేవారు.

ఇక జబ్బు సంగతి. పెద్దపేగులో గడ్డ. ఆపరేషన్ చేసి ఆ పేగు ముక్క తీసేశారు. అప్పటికే కాలేయంలోకి పాకింది. కీమో మొదట బాగానే పనిచేసి, తరువాత మానేసింది. అప్పుడు పై అంతస్తులో క్యాన్సర్ డాక్టరు నాకు ఒక పరీక్ష రాసి పంపాడు. హెర్-టూ అని ఒక జీన్ ఉంటుంది. కణాన్ని పెరగమని చెప్పే జీన్లలో అదొకటి. కణానికి రెండు ప్రతులుండాలి. కొందరి గడ్డల్లో అది కుప్పలుతెప్పలుగా పెరిగిపోతుంది. ఆంప్లిఫికేషన్ అంటాం. పేగు క్యాన్సర్‌లో ఇది ఏ కొద్దిమందికో ఉంటుంది. ఉన్నవాళ్లకు మాత్రం దాన్నే గురిచూసి కొట్టే మందులున్నాయి. నయం చేస్తాయని కాదు, జబ్బును కొంతకాలం అణిచిపెడతాయి. లేనివాళ్లకు ఆ మందు ఇచ్చినా నీళ్లే.

ఆయన పేగు నుంచి మేం చేసిన మైనం ముక్కలు ఐదున్నాయి. ఒకటో నెంబరు ముక్క తీసి, రంగుమందు వేసి స్టెయిన్ చేశాను. నెగెటివ్ వచ్చింది. ముక్క నెంబరు వేసి అదే రాసి పంపాను. ఆయనకు కీమో గోళీలు మొదలుపెట్టారు. నాలుగు నెలలు మింగారు. అరచేతులు పొక్కులు లేచి తోలు ఊడింది, కాలేయంలో మచ్చలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఆ తరువాత ఒకరోజు స్వరూప తుమ్మింది. కాసేపటికి మళ్లీ తుమ్మింది. గుమ్మంలో బక్కపలచని మనిషి, తెల్ల మీసాలు, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"నా ముక్క చూసిన డాక్టరమ్మ నువ్వేనా?" అన్నారు.

"ఎవరు పంపారు మిమ్మల్ని ఇక్కడికి?"

"ఎవలు పంపలె. కాయితం కింద సంతకమున్నది. పైన డాక్టర్ సాబును అడిగితె మెట్ల కిందున్నదన్నడు." సంచిలోంచి నా రిపోర్టు తీసి బల్ల మీద పరిచారు. "తప్పు పట్టుకోకు బిడ్డా. నాకు సదువు తక్వ. ఒక్కటే అడుగుత. మచ్చు ఏడ తీసినవ్?"

నాకు అర్థం కాలేదు. ఆయన తన పని ఏమిటో, బస్తాలో చెయ్యి ఎక్కడెక్కడ పెడతారో చెప్పారు. "పేగు గంత పొడుగుంటది. గడ్డ గింత ఉండెనని ఆపరేషన్ సారు చెప్పిండు," అంటూ పిడికిలి చూపించారు. "అండ్ల ఒక్క తావునే చూసినవా?"

నాకు చిర్రెత్తింది. రోజుకు ఇన్ని స్లైడ్లు చూసేదాన్ని, మిర్చి బస్తాల లెక్క నాకు చెప్పడానికి వచ్చాడా అనుకున్నాను. "అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా కెలుకుతామా? ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలియదూ?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించారు. బేరం దగ్గర కూడా అలాగే ఆలోచించేవారేమో. "అన్నం ఒక్క కుండల, ఒక్క మంట మీద ఉడుకుతది బిడ్డా. బస్తా గట్ల కాదు. మొదటి ఏరుడు కాయ అండ్లనే ఉంటది, మూడో ఏరుడు కాయ అండ్లనే ఉంటది. రైతు తప్పు గూడ కాదు, ఇంట్ల ఎవలు నింపుతరో ఏమో. పైన తాలుకాయ కనబడ్డదని ఇడిచిపెట్టి పోతె, అడుగున బంగారమసొంటి కాయుంటది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు, మొహం తిప్పుకున్నాను. ఎందుకంటే మూడో నెంబరు ముక్క సంగతి నాకు తెలుసు. ఆపరేషన్ అయిన కొత్తలో ఐదు స్లైడ్లూ చూసినప్పుడే మూడోదాంట్లో కణాలు కొంచెం వేరేగా ఉన్నాయని గమనించాను. హెర్-టూ పరీక్ష రాసి పంపిన రోజున అది గుర్తొచ్చింది కూడా. దాన్నీ చేయాలనుకున్నాను. శనివారం మధ్యాహ్నం. స్టెయిన్ సీసాలో మందు అడుగంటింది. కొత్త సీసా సోమవారం వస్తుంది, అప్పుడు చూద్దాంలే అనుకుని ఒకటో ముక్క రిపోర్టు మాత్రం పంపేశాను. సోమవారం కొత్త సీసా వచ్చింది. నేను మరచిపోయాను. అంతే. పెద్ద కారణమేదైనా ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది.

మర్నాడు మిగతా నాలుగు ముక్కలూ తీయించాను. ఈ ముసలాయన మాట తప్పని చూపిద్దామని చేస్తున్నట్టు నాకు నేను చెప్పుకున్నాను. మూడోదాంట్లో సగం మేర కణాల అంచులన్నీ ముదురు గోధుమ రంగులో గీత గీసినట్టు నిలబడ్డాయి. పాజిటివ్ అంటే అలాగే ఉంటుంది. రూఢి చేసుకోవడానికి హైదరాబాద్ పంపాం. అక్కడ చీకటి గదిలో మెరిసే రంగులు వేసి జీన్ ప్రతులను నేరుగా చూస్తారు. ఫోటో వచ్చింది. పోల్చి చూడడానికి వేసే ఆకుపచ్చ చుక్కలు రెండేసి ఉన్నాయి. ఎర్ర చుక్కలు ఎన్నో చెప్పలేం, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి.

ఆ ఫోటో కంప్యూటర్లో చూపిస్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగారు. "ఎర్రయేంది?"

"అవే ఆ జీన్లు. రెండు ఉండాలి."

"కల్లంల ఎండబోసినట్టున్నది గదనే," అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలు వినబడింది. తన ఒంట్లోని జబ్బని ఒక్క క్షణం మరచిపోయి సరుకు చూశారు ఆయన. తరువాత కుర్చీలో వెనక్కి వాలి అడిగారు. "ఇగ మందు పడతదా?"

"పడుతుంది. ఎంత కాలం పనిచేస్తుందో చెప్పలేం."

"నాకు మస్తు కాలం వద్దు. ఒక్క సీజన్ మార్కెట్ల నిలబడాలె. మొన్నటి సీజన్ మంచంలనే పోయింది. పండుకొని పోతె నాకు నచ్చది. దొరుకుతదా ఒక్క సీజన్?"

దొరుకుతుందేమో అన్నాను. పై డాక్టరుకు వేరే ముక్కలో పాజిటివ్ వచ్చిందని చెప్పాను. గడ్డలో అన్నిచోట్లా ఒకేలా ఉండకపోవడం పేగు క్యాన్సర్‌లో ఉన్నదే, నీ తప్పేముంది అన్నాడు అతను. శనివారం సంగతి నేను చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. మెప్పు మాత్రం వచ్చింది. పట్టుబట్టి ఐదు ముక్కలూ చూసిన డాక్టరమ్మ అని వార్డులో చెప్పుకున్నారు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాను.

మందు మూడు వారాలకొకసారి ఎక్కించేవాళ్లు, దానికి తోడు రోజూ గోళీలు. ఆ సూదిమందు ఎక్కువగా రొమ్ము క్యాన్సర్‌ వచ్చినవాళ్లకు ఇస్తారు. వాళ్లలో ఈ జీన్ పెరిగినవాళ్లు చాలామంది ఉంటారు. అందుకని ఆయన కుర్చీ ఆడవాళ్ల మధ్య పడింది. ఒకసారి పని మీద పైకి వెళ్తే ఆ వేడుక చూశాను. వరసగా ఆరు కుర్చీలు. ఐదింటిలో ఆడవాళ్లు, తలలకు చున్నీలు. ఆరోదాంట్లో మీసాలు దువ్వుకుని ఈయన. అందరికీ ఒకే రకం సీసా వేలాడుతోంది.

హసన్‌పర్తి నుంచి వచ్చే ఒకామె, నోరుగల మనిషి, అడుగుతోంది. "కాకా, గిది ఆడోళ్ల మందట గదా. సిస్టర్ చెప్పింది. మా మందు నువ్వెందుకు ఎక్కించుకుంటానవ్?"

"మందుకు నా మీసం కనబడదు బిడ్డా. అది లోపట జీన్ ఉన్నదా లేదా అనే చూస్తది. ఉన్నదంటె ఆడనే కూసుంటది."

"అయితే మనమంత ఒక్క జీనోళ్లమన్నట్టు. సుట్టాలమైతిమి."

"సుట్టాలమే. గందుకే మీకని చపాట కాయ తెచ్చిన," అని సంచి విప్పారు. చపాట మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ. కీమోతో నోళ్లు పూసి కారం ముట్టలేక, చప్పటి తిండి తినలేక ఏడుస్తున్నవాళ్లకు పచ్చడి పెట్టుకొమ్మని తెచ్చారు. ఎలా పెట్టాలో ఐదుగురికీ ఐదు విధాలుగా చెప్పారు. ఒకామెకు చింతపండు పడదు, ఒకామెకు వెల్లుల్లి పడదు, అన్నీ అడిగి గుర్తుపెట్టుకున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడి విని, వచ్చిన పని మరచి దిగి వచ్చాను.

మూడు నెలలకు స్కాన్ తీశారు. కాలేయంలో మచ్చలు సగానికన్నా తగ్గాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం దాచుకోవడం చేతకాలేదు. స్వరూపను పంపి మిఠాయి తెప్పించాను. మర్యాదకు కూడా ఎప్పుడూ టీ ఇప్పించనిదాన్ని మిఠాయి పంచుతుంటే ల్యాబులో అందరూ నా మొహం చూశారు. సంతోషం కిందే ఇంకోటి ఉంది. నాలుగు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే ఆ మచ్చలు ఎంత చిన్నగా ఉన్నప్పుడు దొరికేవో అన్న ఆలోచన. అది మిఠాయితో కూడా దిగలేదు.

ఆయనకు సీజన్ దొరికింది. ఎండలు ముదిరేదాకా మార్కెట్లో నిలబడ్డారు. మూడు వారాలకొకసారి మందు ఎక్కించుకుని కిందికి దిగి, తుమ్ములు లెక్కపెట్టుకుని నా గదిలోకి వచ్చి మైక్రోస్కోప్ పక్కన స్టూలు మీద పది నిమిషాలు కూర్చునేవారు. టీ తాగేవారు. ఆ వారం ఏ ఊరి కాయ బాగుందో, ఏ రైతు ఏమన్నాడో చెప్పేవారు. "నువ్వేం జెప్పవేందే?" అని నవ్వేవారు. "నా దగ్గర చెప్పడానికేముంది కాకా, అన్నీ ముక్కలే," అనేదాన్ని. నేను మనుషులతో మాట్లాడడం నేర్చుకున్నది ఆ స్టూలు పుణ్యమే. ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. టీ గ్లాసు ఖాళీ అయ్యేది, ఆయన లేచేవారు. నేను వచ్చేసారి చూద్దాంలే అనుకునేదాన్ని. సోమవారం చూద్దాంలే అన్న మనిషినే కదా.

రెండో సీజన్ సగంలో స్కాన్‌లో కొత్త మచ్చలు కనబడ్డాయి. కాలేయం నుంచి మళ్లీ ముక్క తీశారు. ఈసారి సూది మూడు చోట్ల గుచ్చమని నేనే పైకి వెళ్లి చెప్పాను. మూడూ చూశాను. ఎర్ర చుక్కలు రెండేసి ఉన్నాయి, ఆకుపచ్చవి రెండేసి ఉన్నాయి. మందు తనకు కనబడ్డవాటిని కొట్టింది. ఆ జీన్ పెరగని కణాలు పక్కన బతికి, అవే ఇప్పుడు పెరిగాయి. ఇలా జరుగుతుందని పుస్తకాల్లో చదువుకున్నదే. చదువుకున్నది కదా అని బాధ తగ్గదు.

ఆయన ఒక్కరే వచ్చారు. పై డాక్టరు అప్పటికే చెప్పాడు. అయినా నా నోటితో వినాలని వచ్చినట్టున్నారు. ఫోటో చూపించాను. వంగి చాలాసేపు చూశారు.

"కల్లం ఊడ్చినట్టున్నది," అన్నారు.

"అవును కాకా. ఇగ ఆ మందు పనిచెయ్యది."

"మంచిగ చూసినవా?"

"మూడు తావుల చూసిన."

తల ఊపారు. లేవబోయారు. అప్పుడన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. "కూసో కాకా. ఇంకోటి చెప్పాలె నీకు."

కూర్చున్నారు. చెప్పాను. ఐదు ముక్కలుండగా ఒకటే చూశానని, మూడోదాంట్లో తేడా ముందే గమనించానని, శనివారమని, సీసా అడుగంటిందని, సోమవారం మరచిపోయానని చెప్పాను. "నువ్వొచ్చి అడిగేదాక అది ఆ అలమారల్నే ఉన్నది. నాలుగు నెలలు. నా తప్పే కాకా," అన్నాను.

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు. "ముందుగాలనే షురు చేస్తె ఇంకిన్ని దినాలు ఉందునా?"

"తెల్వది. ఉందువో, ఉండకపోదువో. గది ఎవలు చెప్పలేరు. గని ఆ గోళీలు మింగకపోదువు. నీ చేతులు గిట్ల కాకపోవు. గది మాత్రం చెప్పగలను."

బయట స్వరూప ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆయన టీ అడిగారు. రెండు గుక్కలు తాగాక మొదలుపెట్టారు.

"నేను మూడు తావుల చెయ్యి ఎందుకు పెడతనో నీకు చెప్పలె గద. పుట్టుకతోని వచ్చిన బుద్ధి కాదు బిడ్డా. నీ వయసుల ఉన్నప్పుడు నేను గూడ అందరి లెక్కనే పైకాయ చూసి పోయెటోన్ని. ఓ సీజన్ల మస్తు మాలొచ్చింది. మబ్బు పట్టింది. వానొస్తదని అందరం ఉరుకుతానం. నెక్కొండ దిక్కు రైతొకడు, ముప్పై బస్తాలు. ఒక్క బస్తాల, మూతి కాడ చెయ్యి పెట్టిన. రెండో రకం అన్న. గంతే. వాడేం మాట్లాడలె. తర్వాత గోదాంల కుమ్మరిస్తె అడుగంత ఫస్టు కాయ. వాడు అప్పటికే బస్సెక్కి పోయిండు. తెల్లారి కబురు పెడదామనుకున్న. పెట్టలె. మల్లొచ్చే సీజన్ల వాడు మా దిక్కు రాలె. ఇంకో అడ్తి దుకాణం కాడికి పోయిండు. దూరంకెళ్లి కనబడేటోడు. గప్పటి సంది మూడు తావుల చెయ్యి పెడతాన."

మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

"నువ్వు చెప్పినవ్," అన్నారు. "నేను ఇరవై ఏండ్లాయె, చెప్పలె." గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. పోనీలే బిడ్డా అనలేదు. అంటారేమోనని నేను ఎదురుచూశాను. అనకపోవడమే న్యాయమని తరువాత అనిపించింది. ఆయన రకం తెలియకుండా రేటు కట్టే మనిషి కాదు.

తరువాత మూడు నాలుగు నెలలున్నారు. దవాఖానకు రావడం తగ్గింది. చివరికి ఇంటి దగ్గరే పోయారు.

పదోరోజు దాటాక కాశిబుగ్గలో వాళ్లింటికి వెళ్లాను. పలకరింపులకు వెళ్లడం నాకు చేతకాదు, ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియదు. ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి చాప వేసింది. చిన్నమ్మా అన్నాను, కాక భార్య చిన్నమ్మే కదా. ఆమె ఏడవలేదు. చాలాసేపు ఆయన తిండి గురించి, చివరి రోజుల్లో మింగలేకపోవడం గురించి చెప్పింది.

"నెక్కొండ పోయినమని నీకు చెప్పిండా?" అంది.

లేదన్నాను.

"నీ కాడికెళ్లి వచ్చిన నాలుగొద్దులకు కారు మాట్లాడిండు. పానం బాగలేదు, ఇప్పుడెందుకంటె ఇనలె. నన్ను గూడ ఎక్కించుకున్నడు. ఊరు దొరికింది, ఇల్లు దొరికింది. ఆ రైతు ముసలోడయిండు, మంచంల కూసున్నడు. ఈయిన మొకం చూడంగనే గుర్తు పట్టిండు. ఈయిన నిలబడే చెప్పిండు, గిట్ల జేసిన, నా తప్పని. ఆయినేమన్నడో ఎర్కనా? ‘నాకు ఆనాడే ఎర్క సేటూ. నువ్వు మూతి కాడ చెయ్యి పెట్టంగనే చూసిన. చెప్తవేమోనని మల్ల రెండు సీజన్లు నీ దిక్కే చూసిన’ అన్నడు. కూసొమ్మన్నడు. నీళ్లిచ్చిండు. అచ్చేటప్పుడు ఈయిన కారుల కన్నీళ్లు పెట్టుకున్నడు. నలభై ఐదేండ్ల కాపురంల నేను చూడంగ ఏడ్సుడు గదొక్కసారే."

నా గురించి అడగడానికి ధైర్యం చాలలేదు. అయినా అడిగాను. "నేను చెప్పిన సంగతి నీకు చెప్పిండా చిన్నమ్మా?"

"చెప్పిండు. గని ఆయినకు ముందుగాలనే ఎర్క బిడ్డా." మామూలు మాట చెప్పినట్టే చెప్పింది. "ముక్కలైదు వచ్చినయి, ఒకటే చూసినమని నువ్వే కాయితంల రాసినవట. మా బిడ్డ సదివి చెప్పింది. గందుకే నీ కాడికొచ్చిండు. ఆనాడు నేనడగంగనే డాక్టరమ్మ మొకం తిప్పుకున్నది, లోపట ఏదో ఉన్నదని ఇంటికొచ్చి చెప్పిండు."

నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను.

"మరి అడగకపోయిండా?"

"అడిగితె ఏమొస్తది, ఆమెనే చెప్పాలె అనేటోడు. మందు ఎక్కించుకున్న దినం అలిసిపోతడు గద, సీదా ఇంటికి రమ్మంటె ఇనకపోయేటోడు. నీ కాడ కూసొనే వచ్చేటోడు. వచ్చి, కాళ్లు కడుక్కొని, అన్నం ముంగట కూసొని, ‘పాపం, ఇయ్యాల గూడ చెప్పలేకపోయింది’ అనేటోడు."